నీటిపై తేలే సౌర విద్యుత్ కేంద్రాలు - లాభనష్టాలు

జలాశయాలు, చెరువులు, మడుగులు మొదలైన నీటి వనరుల ఉపరితలంపై తేలే వేదికలను అమర్చి, వాటిపై సౌరఫలకాలను బిగించి విద్యుత్తును ఉత్పత్తి చేసే కేంద్రాలను నీటిపై తేలే సౌర విద్యుత్ కేంద్రాలు అంటారు. వీటినే వాడుకలో ఫ్లోటింగ్ సోలార్ ప్లాంట్లు అని కూడా వ్యవహరిస్తున్నారు. కాలువలకు అడ్డంగా ఇనుప దూలాలు వేసి వాటిపై ఫలకాలను బిగించే పద్ధతి వీటికి భిన్నమైనది. గుజరాత్‌లోని మెహసానా జిల్లాలో 2012లో నర్మదా కాలువపై ఏర్పాటు చేసిన కేంద్రం ఆ రెండవ తరగతికి చెందుతుంది.

భూసేకరణ అవసరం లేకపోవడం ఈ కేంద్రాల ప్రధానమైన ప్రయోజనంగా చెప్పబడుతున్నది. అయితే భూమి తీసుకోనప్పుడు నష్టపోయేవారిని లెక్కించే చట్టబద్ధమైన ఏర్పాటు కూడా లేకుండా పోతుంది. అందువలన ఈ కేంద్రాల మేలు కీడులను నిర్ణయించేటప్పుడు సాంకేతిక విషయాలతో పాటు, ఫలకాలను ఏ నీటిపై పరుస్తున్నారు, ఆ నీటిని ఇప్పటికే ఎవరు వాడుకుంటున్నారు అన్న విషయాలను కూడా పరిశీలించవలసి ఉంటుంది.

చరిత్ర

2007లో జపాన్ దేశంలోని ఐచి రాష్ట్రంలో పరిశోధన నిమిత్తం 20 కిలోవాట్ల సామర్థ్యంతో ఇటువంటి కేంద్రాన్ని నిర్మించారు. ఈ తరహా కేంద్రాలలో ఇదే మొదటిదిగా పరిగణించబడుతున్నది. 2008లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఒక ద్రాక్షతోట యజమానులు తమ సాగునీటి మడుగుపై 175 కిలోవాట్ల కేంద్రాన్ని నెలకొల్పారు. ద్రాక్ష పండే ఖరీదైన నేలను ఫలకాలకు వదులుకోవడం ఇష్టం లేక వారు నీటిని ఎంచుకున్నారు. ఈ సాంకేతిక విధానం తరువాత వ్యాపించడానికి కూడా మూలకారణం ఇదే.

చైనాలోని హువైనాన్ ప్రాంతంలో బొగ్గుగనుల మూలంగా నేల కుంగి నీరు నిలిచిన చోట 2017లో 40 మెగావాట్ల కేంద్రం ప్రారంభమైనది. సింగపూర్‌లోని తెంగె జలాశయంపై 2021లో 60 మెగావాట్ల కేంద్రం, ఇండొనేషియాలోని చిరాతా జలాశయంపై 2023లో 192 మెగావాట్ల కేంద్రం పని ప్రారంభించాయి. సింగపూర్ వంటి చిన్న దేశానికి ఖాళీ భూమి దాదాపు లేదు కనుక నీటి ఉపరితలమే అక్కడ ముఖ్యమైన ప్రత్యామ్నాయం అయినది.

భారతదేశంలో

భారతదేశంలో ఈ ప్రయత్నం కోల్‌కతా సమీపంలోని రాజర్‌హాట్ న్యూటౌన్‌లో 10 కిలోవాట్ల చిన్న కేంద్రంతో ఆరంభమైనది. 2017 డిసెంబరులో కేరళలోని బాణాసుర సాగర్ జలాశయంపై 500 కిలోవాట్ల కేంద్రం ఏర్పడినది. 2022లో కేరళలోని కాయంకుళం వద్ద ఎన్.టి.పి.సి. 92 మెగావాట్ల కేంద్రాన్ని పూర్తి చేసినది. మధ్యప్రదేశ్‌లో నర్మదా నదిపై గల ఓంకారేశ్వర్ జలాశయంపై 600 మెగావాట్ల కేంద్రం తలపెట్టగా, 278 మెగావాట్ల తొలి దశ 2024లో సిద్ధమైనది.

2020లో ఢిల్లీకి చెందిన టెరి సంస్థ వెలువరించిన నివేదిక ప్రకారం దేశంలోని జలాశయాల ఉపరితలంలో సుమారు 18,000 చదరపు కిలోమీటర్లను ఈ విధంగా ఉపయోగించుకొంటే 280 గిగావాట్ల సామర్థ్యానికి అవకాశం ఉన్నది. ఇది సాంకేతికంగా ఉన్న అవకాశాన్ని తెలిపే అంకె మాత్రమే. చేపల వేట, తాగునీరు, నౌకాయానం, పక్షుల ఆవాసాలు మొదలైన అవసరాలకు ఇందులో ఎంత మినహాయించాలన్నది వేరుగా తేల్చవలసిన విషయం.

తెలుగు రాష్ట్రాలలో

విశాఖపట్నంలోని ముడసర్లోవ జలాశయంపై 2018లో 2 మెగావాట్ల కేంద్రం ఏర్పడినది. 2021 ఆగస్టులో అదే జిల్లా ప్రాంతంలోని సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రానికి చెందిన జలాశయంపై ఎన్.టి.పి.సి. 25 మెగావాట్ల కేంద్రాన్ని ప్రారంభించినది. దీని విస్తీర్ణం 75 ఎకరాలు. ఇందులో లక్షకు పైగా ఫలకాలున్నాయి.

తెలంగాణలోని పెద్దపల్లి జిల్లా రామగుండంలో ఎన్.టి.పి.సి. జలాశయంపై నిర్మించిన 100 మెగావాట్ల కేంద్రం 2022 జూలై 1 నుండి పూర్తి సామర్థ్యంతో వాణిజ్య ఉత్పత్తిని ఆరంభించినది. ఆ నాటికి దేశంలో ఇదే అతి పెద్దది. బి.హెచ్.ఇ.ఎల్. సంస్థ 423 కోట్ల రూపాయల వ్యయంతో దీనిని నిర్మించినది. ఇది జలాశయంలో 500 ఎకరాల మేర విస్తరించి ఉన్నది.

నిర్మాణము, పనిచేసే విధానము

రామగుండం కేంద్రాన్ని ఉదాహరణగా తీసుకొంటే ఈ నిర్మాణం సులభంగా బోధపడుతుంది. ఈ కేంద్రాన్ని 40 భాగాలుగా విభజించారు. ఒక్కొక్క భాగం సామర్థ్యం 2.5 మెగావాట్లు. ఒక్కొక్క దానిలో 11,200 ఫలకాల చొప్పున మొత్తం 4,48,000 ఫలకాలున్నాయి. ఇవి గట్టి పాలిథిలిన్ ప్లాస్టిక్‌తో చేసిన, లోపల గాలి నిండిన ఫ్లోటర్లపై (తేలుడు పెట్టెలపై) నిలుస్తాయి.

వేదికలు గాలికి కొట్టుకొని పోకుండా వాటిని బలమైన తాళ్ళతో జలాశయపు అడుగున ఉంచిన బరువైన దిమ్మెలకు కట్టివేస్తారు. నీటిమట్టం పెరిగినప్పుడు తాడు తెగిపోకుండా, తగ్గినప్పుడు మరీ వదులై వేదిక పక్కకు జరగకుండా ఉండేలా తాడు పొడవును లెక్కించవలసి ఉంటుంది. ఈ నిర్మాణంలో మిక్కిలి నేర్పు అవసరమైన భాగం ఇదే.

ఫలకాల నుండి వచ్చే ఏకముఖ విద్యుత్తు ఇన్వర్టర్లలో ఏకాంతర విద్యుత్తుగా మారుతుంది. రామగుండంలో ఇన్వర్టర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు కూడా తేలే ఫెర్రో సిమెంటు వేదికలపైననే ఉన్నాయి. అక్కడి నుండి 33 కిలోవోల్టుల కేబుళ్ళ ద్వారా విద్యుత్తు స్విచ్‌యార్డుకు చేరుతుంది.

ప్రయోజనాలు

భూమి ఆదా: నేలపై ఒక మెగావాట్ సౌర కేంద్రానికి సాధారణంగా నాలుగైదు ఎకరాలు కావాలి. 100 మెగావాట్లకు అయిదు వందల ఎకరాల భూమిని ఒకేచోట సేకరించడం ఎంత కష్టమో, అందులో సాగుభూములు, మేత భూములు పోతే గ్రామీణులకు ఎంత నష్టమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆవిరి తగ్గుదల: ఫలకాలు నీడనివ్వడం వలన, గాలి నేరుగా నీటికి తగలకపోవడం వలన నీరు ఆవిరి కావడం తగ్గుతుంది. వేసవిలో చెరువులు ఎండిపోయే దక్కను పీఠభూమిలో ఇది విలువైన లాభం.

సామర్థ్యంలో వృద్ధి: సిలికాన్ ఫలకాలు వేడెక్కిన కొద్దీ విద్యుత్తును తక్కువగా ఇస్తాయి. 25 డిగ్రీల సెల్సియస్‌పైన పెరిగే ఒక్కొక్క డిగ్రీకి ఉత్పత్తి సుమారు 0.4 శాతం తగ్గుతుంది. అనగా ఫలకం 60 డిగ్రీలకు వేడెక్కితే దాదాపు 14 శాతం నష్టం కలుగుతుంది. ఈ కేంద్రాలలో నీటి చల్లదనం వలన ఈ నష్టం కొంత తగ్గుతుంది. అయితే ఈ లాభం గాలివీచే తీరును బట్టి, వేదిక నిర్మాణాన్ని బట్టి కొద్ది శాతం నుండి సుమారు పది శాతం వరకు మారుతూ ఉంటుంది. ఫలకాల కిందికి గాలి ఆడని విధంగా వేదిక ఉంటే లాభం నామమాత్రమే.

ఉన్న విద్యుత్ లైన్ల వినియోగం: విద్యుత్ కేంద్రాల చెంత గల జలాశయాలలో స్విచ్‌యార్డు, హైటెన్షన్ లైన్లు ముందే ఉంటాయి. కొత్త లైన్ల ఖర్చు తగ్గుతుంది.

జల విద్యుత్తుతో జోడింపు: పగలు సౌర విద్యుత్తును వాడుకొని జలాశయంలోని నీటిని నిలిపి ఉంచి, సాయంత్రం డిమాండు పెరిగినప్పుడు టర్బైన్లను నడపవచ్చు. పోర్చుగల్‌లోని ఆల్టో రబగావో జలాశయంలో ఈ ప్రయోగం చిన్న స్థాయిలో జరిగినది. థాయిలాండ్‌లోని సిరింధోర్న్ ఆనకట్ట వద్ద 2021లో 45 మెగావాట్ల కేంద్రాన్ని ఈ పద్ధతిలో నెలకొల్పారు. నాగార్జునసాగర్‌లోను, శ్రీశైలం ఎడమగట్టునను నీటిని వెనుకకు తోడగల టర్బైన్లు ఉన్నందున ఈ ఆలోచన తెలుగు రాష్ట్రాలకు కూడా వర్తిస్తుంది. కానీ ఈ జలాశయాలలో నీటిమట్టం వరదకు, వేసవికి మధ్య ఎంతో మారుతుంది. లంగరు ఏర్పాటుకు ఇది పెద్ద పరీక్ష.

నీటి ఆదా అంకెల పరిశీలన

ఈ కేంద్రాల గురించి వెలువడే ప్రకటనలలో పెద్ద పెద్ద అంకెలు కనిపిస్తాయి. సామాన్య గణితంతో వాటిని సరిచూసుకోవడం విద్యార్థులకు ఉపయోగకరం.

రామగుండం కేంద్రం వలన ఏటా 1,65,000 టన్నుల బొగ్గు వాడకం తప్పుతుందని, 2,10,000 టన్నుల కార్బన్ డై ఆక్సైడ్ వెలువడకుండా ఉంటుందని, 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండా మిగులుతుందని ప్రకటించారు. 100 మెగావాట్ల సౌర కేంద్రం ఏడాదికి ఇరవై కోట్ల యూనిట్లకు పైగా ఉత్పత్తి చేయగలదు. యూనిట్‌కు సుమారు 700 గ్రాముల బొగ్గు చొప్పున లెక్కిస్తే బొగ్గు అంకె సుమారుగా సరిపోతుంది.

నీటి అంకెను చూద్దాము. 500 ఎకరాలు అనగా సుమారు 20.2 లక్షల చదరపు మీటర్లు. 32.5 లక్షల ఘనపు మీటర్లను దీనితో భాగిస్తే 1.6 మీటర్ల లోతు వస్తుంది. ఈ ప్రాంతపు జలాశయాల నుండి ఏటా ఆవిరయ్యే నీరు సాధారణంగా ఒకటిన్నర నుండి రెండు మీటర్ల లోతు ఉంటుంది. అనగా ప్రకటిత అంకె నిజం కావాలంటే ఆ 500 ఎకరాలలో ఆవిరి దాదాపు పూర్తిగా ఆగిపోవాలి. వేదికల మధ్య ఖాళీ నీరు ఉంటుంది కనుక, ఫలకాల కింద కూడా కొంత ఆవిరి జరుగుతుంది కనుక, దీనిని గరిష్ఠ పరిమితిగా భావించడం మంచిది.

సింహాద్రి విషయంలో ఏటా 136.4 కోట్ల లీటర్ల నీరు ఆదా అవుతుందని ప్రకటించారు. ఇది 13.64 లక్షల ఘనపు మీటర్లకు సమానం. దీనిని 75 ఎకరాలపై పరిస్తే లోతు సుమారు నాలుగున్నర మీటర్లు అవుతుంది. ఏడాదిలో అంత లోతు నీరు ఇక్కడి జలాశయాల నుండి ఆవిరి కాదు. కావున ఈ అంకెను ఆవిరి తగ్గుదల ఒక్కదానితో సమర్థించడం సాధ్యం కాదు. నీటి ఆదా అన్నది నిజమే అయినా, దాని పరిమాణాన్ని కొలతలతో నిరూపించవలసి ఉన్నదని దీనివలన తెలుస్తుంది.

ఇబ్బందులు

ఖర్చు: ఫ్లోటర్లు, లంగర్లు, నీటిని తట్టుకొనే కేబుళ్ళ మూలంగా నేలపై కేంద్రం కంటే దీనికి ఖర్చు ఎక్కువ. రామగుండంలో మెగావాట్‌కు సుమారు 4.23 కోట్ల రూపాయలు అయినది. భూమి ఖరీదైన చోట ఈ తేడా పూడిపోతుంది. బంజరు భూములు చవకగా దొరికే రాయలసీమ వంటి చోట్ల నేలపై నిర్మాణమే లాభసాటి కావచ్చును.

గాలివానలు: జపాన్‌లోని చిబా రాష్ట్రంలో యమకురా ఆనకట్ట జలాశయంపై 13.7 మెగావాట్ల కేంద్రం 2018లో ప్రారంభమైనది. 2019 సెప్టెంబరు 9న వచ్చిన ఫాక్సాయ్ తుఫానుకు లంగర్లు తెగి, సుమారు 50,000 ఫలకాలు గల ఆ వేదికలో కొంత భాగం మడతలు పడి ఒకదానిపై ఒకటి పేరుకొన్నది. ఫలకాలు వెలుతురు ఉన్నంతసేపు విద్యుత్తును ఇస్తూనే ఉంటాయి కనుక తెగిన తీగల వద్ద నిప్పు పుట్టి మంటలు లేచాయి. నీటి నడుమ ఉన్నా అగ్నిప్రమాదం జరుగుతుందని ఈ సంఘటన చాటినది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను గంటకు 180 కిలోమీటర్ల వేగంతో విశాఖపట్నాన్ని తాకినది. అక్కడి కేంద్రాలన్నీ ఆ తరువాత వచ్చినవే. తీరప్రాంతంలో లంగర్లను నిర్మించేటప్పుడు అటువంటి తుఫానునే ప్రమాణంగా తీసుకోవాలి.

నిర్వహణ: తేమ వలన లోహభాగాలు తుప్పు పడతాయి, కేబుళ్ళ తొడుగులు పాడవుతాయి. కొంగలు, నీటికాకులు ఫలకాలపై వాలి రెట్టలు వేస్తాయి. ఫలకంలో చిన్న భాగం కప్పబడినా దాని ఉత్పత్తి బాగా తగ్గుతుంది. శుభ్రపరచడానికి, మరమ్మతులకు పడవపై వెళ్ళవలసి ఉంటుంది.

నీటిలోని ప్రాణవాయువు: వెలుతురు తగ్గితే నీటిలోని సూక్ష్మమైన నాచు తగ్గుతుంది. తాగునీటి చెరువులకు ఇది కొంత మేలే. కానీ ఆ నాచే కిరణజన్య సంయోగక్రియ ద్వారా నీటికి ప్రాణవాయువును అందిస్తుంది. గాలి తాకిడి తగ్గడం వలన కూడా ప్రాణవాయువు కలిసే అవకాశం తగ్గుతుంది. గోదావరి, కృష్ణా జిల్లాల చేపల చెరువుల రైతులకు ఈ విషయం అనుభవంలో ఉన్నదే. ప్రాణవాయువు తగ్గిన తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. అందుకే వారు ఏరేటర్లను తిప్పుతారు.

అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రయోగ మడుగుల ఉపరితలంలో 70 శాతాన్ని ఫలకాలతో కప్పి పరిశీలించి, ఫలితాలను 2024లో ప్రచురించారు. నీటిలో ప్రాణవాయువు తగ్గినదని, మీథేన్, కార్బన్ డై ఆక్సైడ్ విడుదల దాదాపు 27 శాతం పెరిగినదని వారు తెలిపారు. ఇవి లోతు తక్కువైన చిన్న మడుగులు. అంత భాగం కప్పని పెద్ద జలాశయాలకు ఈ అంకెను నేరుగా వర్తింపజేయరాదు. అయినా ఎంత భాగం కప్పవచ్చు అన్న ప్రశ్నకు దీనివలన ప్రాధాన్యం పెరిగినది.

కాలం తీరిన ఫలకాలు: ఈ ఫలకాల ఆయుర్దాయం సుమారు 25 సంవత్సరాలు. భారత ప్రభుత్వపు 2022 ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాలలో సౌరఫలకాలను కూడా చేర్చారు. ఫలకాలతో పాటు వేల టన్నుల ప్లాస్టిక్ ఫ్లోటర్లను కూడా నీటి నుండి తొలగించవలసి ఉంటుందన్నది ఈ కేంద్రాలకు ప్రత్యేకమైన సమస్య.

మత్స్యకారుల జీవనోపాధి

వేదికలున్న చోట వల వేయడం కుదరదు. లంగరు తాళ్ళకు వలలు చిక్కుకొంటాయి. భద్రత కారణంగా పడవల రాకపోకలను కూడా నిషేధిస్తారు. ఓంకారేశ్వర్ జలాశయంపై చేపల వేటతో జీవించే కుటుంబాలు ఈ కారణంగానే ఆందోళన వ్యక్తం చేశాయి. అక్కడి ఆనకట్ట వలన ముంపునకు గురైన ప్రజలు 2012లో నీటిలో నిలబడి జలసత్యాగ్రహం చేసిన సంగతి తెలిసినదే. నీరు వచ్చి భూమి పోయిన చోట, ఆ నీటిపైననే ఆధారపడి బ్రతికేవారికి ఇది రెండవసారి వచ్చిన చిక్కు.

2013 భూసేకరణ చట్టంలో బాధిత కుటుంబాల నిర్వచనం విశాలమైనది. భూమి లేకపోయినా, సేకరణకు ముందు మూడేళ్ళుగా నీటి వనరులపై ఆధారపడి జీవించే మత్స్యకారులు, పడవ నడిపేవారు కూడా అందులోకి వస్తారు. కానీ ఈ రక్షణ భూసేకరణ జరిగినప్పుడే వర్తిస్తుంది. జలాశయం ప్రభుత్వానిదో, ప్రభుత్వరంగ సంస్థదో అయినప్పుడు సేకరణ అనేదే ఉండదు. సౌర విద్యుత్ కేంద్రాలకు 2006 పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన వర్తించదు కనుక ఆ మార్గంలో జరిగే ప్రజాభిప్రాయ సేకరణ కూడా ఉండదు. ఈ విధంగా నేలపై కేంద్రం కడితే పొలం పోయిన రైతుకు దక్కే పరిహారపు హక్కు, నీటిపై కడితే వేట పోయిన మత్స్యకారునికి దక్కకుండా పోతున్నది.

తెలుగు రాష్ట్రాలలో చెరువులు, జలాశయాలలో చేపల పెంపకం హక్కులు చాలాచోట్ల మత్స్యకారుల సహకార సంఘాలకు ఉంటాయి. తెలంగాణలో 2016-17 నుండి ప్రభుత్వమే చెరువులలో ఉచితంగా చేపపిల్లలను వదిలే పథకాన్ని అమలు చేసినది. ముదిరాజులు, గంగపుత్రులు మొదలైన వారి జీవనం ఈ నీటితో ముడిపడి ఉన్నది. ఒకే నీటి ఉపరితలాన్ని ఒక శాఖ చేపలకు, మరొక శాఖ విద్యుత్తుకు కేటాయించినప్పుడు సంఘాల సమ్మతి, పరిహారం గురించి ముందే నిర్ణయం జరగాలి.

దక్షిణ కొరియాలోని హాప్‌చెయాన్ ఆనకట్టపై 2021లో నిర్మించిన 41 మెగావాట్ల కేంద్రంలో పరిసర గ్రామాల ప్రజలు పెట్టుబడి పెట్టి రాబడిలో భాగం పొందే ఏర్పాటు ఉన్నది. మత్స్య సంఘాలకు ఇటువంటి వాటా కల్పించడం ఒక మార్గం.

ఇతర దేశాల నియమాలు

అత్యధికంగా ఇటువంటి కేంద్రాలను నిర్మించిన చైనాలో 2022 మే నెలలో జలవనరుల మంత్రిత్వశాఖ నదులు, సరస్సులు, జలాశయాలలో సౌర, పవన విద్యుత్ కేంద్రాలను నిర్మించరాదని ఆదేశించినది. వరద ప్రవాహానికి అడ్డంకి, నీటి పర్యావరణ రక్షణ దీనికి కారణాలు. ఇండొనేషియా జలాశయపు ఉపరితలంలో 5 శాతమే కప్పాలన్న నియమాన్ని 2023లో 20 శాతానికి సడలించినది. స్పెయిన్ 2024లో చేసిన నియమాలలో నీటి నాణ్యతను బట్టి పరిమితిని నిర్ణయించారు. నిర్మలమైన నీటికి కఠినమైన నియమం, నాచు పేరుకొన్న నీటికి కొంత సడలింపు ఇందులోని సూత్రం.

భారతదేశంలో 2017 చిత్తడినేలల నియమాలు తాగునీటికి, సాగునీటికి ప్రత్యేకించి నిర్మించిన జలాశయాలకు వర్తించవు. రామ్‌సర్ జాబితాలో ఉన్న కొల్లేరు వంటి సహజ సరస్సులకు రక్షణ ఉన్నది గాని, ఈ కేంద్రాలు ఎక్కువగా వచ్చే మానవనిర్మిత జలాశయాలు ఆ పరిధిలో లేవు.

ఎటువంటి నీటికి అనువైనది

పై విషయాలను బట్టి నీటి వనరులను స్థూలంగా మూడు తరగతులుగా చూడవచ్చును.

* విద్యుత్ కేంద్రాల సొంత జలాశయాలు, గనుల మూలంగా ఏర్పడిన గుంటలు, నీటిశుద్ధి కేంద్రాల మడుగులు: ఇక్కడ ఇతరుల వాడకం సాధారణంగా తక్కువ. నీటిమట్టం దాదాపు స్థిరంగా ఉంటుంది. విద్యుత్ లైన్లు దగ్గరలో ఉంటాయి. లాభాలు ఎక్కువ, నష్టాలు తక్కువ.
* పెద్ద సాగునీటి, జల విద్యుత్ జలాశయాలు: అవకాశం పెద్దదే గాని మత్స్యకారుల హక్కులు, వరద ప్రవాహం, నీటిమట్టంలో మార్పులు ఉన్నాయి. కప్పే భాగానికి పరిమితి, ముందస్తు సర్వే, పరిహారం లేకుండా చేపట్టరాదు.
* గ్రామ చెరువులు, సహజ సరస్సులు: వేసవిలో ఎండిపోయే చెరువులో వేదికలు ఎగుడుదిగుడు బురదపై కూర్చొని విరిగిపోయే ప్రమాదం ఉన్నది. చేపలకు, పశువులకు, పక్షులకు, బతుకమ్మ నిమజ్జనానికి, చాకిరేవుకు ఆధారమైన నీరు ఇది. ఇక్కడ నష్టమే ఎక్కువ.

రామగుండం, సింహాద్రి కేంద్రాలు మొదటి తరగతికి చెందినవి. వాటి విజయాన్ని చూపి రెండవ, మూడవ తరగతుల నీటిపై కూడా అదే ఫలితం వస్తుందని భావించడం సరికాదు. ప్రతి ప్రతిపాదనలోను ఫలకాలు కప్పే శాతం, ఏడాది పొడవునా ప్రాణవాయువు కొలతలు, ఆ నీటిపై జీవించే కుటుంబాల జాబితా అన్న మూడు వివరాలను ముందుగా ప్రజల ముందుంచితే, ఆ కేంద్రం వలన ఎవరికి లాభమో ఎవరికి నష్టమో నిర్మాణానికి ముందే తేలుతుంది.